టేపులో గొంతు, కీబోర్డులో లిపి

పాత యంత్రాలను పోగుచేసే వ్యక్తిని ఇంటివారు మొదట వినోదంగా, కొంతకాలానికి విసుగ్గా చూస్తారు. మనామాలోని మా ఇంట్లో ఒక గోడ అలమర నిండా పాత కంప్యూటర్ కీబోర్డులు, పాటల యంత్రాలు ఉన్నాయి. కొన్ని స్వదేశానికి తిరిగి వెళ్లిపోతూ మిత్రులు వదలిపెట్టినవి. మరికొన్ని ఈసా టౌన్ పాత సామానుల సంతలో బేరమాడి కొన్నవి. "ఇన్ని ఎందుకండీ?" అని నా శ్రీమతి అడిగినప్పుడల్లా నేను మాట మార్చేవాడిని. ఒక క్యాసెట్టు నలిగిపోయిన రోజున మాత్రం సమాధానం దొరికింది.

1980లలో గల్ఫ్ నుండి ఇంటికి ఫోను చేయటం ఖర్చుతో కూడిన పని. ఉత్తరం చదువుకోలేని పెద్దలు ఉన్న ఇళ్లకు క్యాసెట్టే ఉత్తరమయింది. సెలవు మీద ఊరికి వెళ్లే వారి చేతికి ఒకటి ఇచ్చి పంపితే, తిరుగు ప్రయాణంలో ఆవకాయ జాడీతో పాటు ఇంకొకటి వచ్చేది. మా అమ్మ 1988లో అలా పంపిన క్యాసెట్టు నా వద్ద ఉన్నది. అందులో మా తాతగారి చివరి రోజుల ముచ్చట ఉంది.

ఆ మాటలు టేపులో ఎలా నిలిచి ఉంటాయి? ఫిలిప్స్ సంస్థ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో లోకానికి చూపిన ఈ క్యాసెట్టులో, మిల్లీమీటరులో అరవయ్యో వంతు మందం గల ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దానిపై ఇనుప ఆక్సైడు రేణువుల పూత ఉంటుంది. మైకు మన స్వరాన్ని హెచ్చుతగ్గులు గల విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు 'హెడ్' అనే చిన్న విద్యుదయస్కాంతం గుండా పోయినపుడు, ఎదుట కదిలే రేణువులు ఆ హెచ్చుతగ్గులకు అనుగుణంగా అయస్కాంతీకరణ చెందుతాయి. వినేటప్పుడు ఇదే తిరగబడుతుంది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది కనుక, అరసెకనులో పలికే "నాయనా" అన్న పిలుపు టేపు మీద రెండున్నర సెంటీమీటర్ల కంటె తక్కువ చోటులో ఇమిడి ఉంటుంది.

టేపును ఈ వేగంతో లాగేది 'క్యాప్‌స్టన్' అనే సన్నని ఇరుసు. ఒక రబ్బరు చక్రం టేపును దానికి అదిమి పట్టుకొంటుంది. ఇటు వచ్చిన టేపును కుడివైపు చక్రం వెంటవెంటనే చుట్టుకోవాలి. అనేక యంత్రాలలో ఈ చక్రాన్ని తిప్పేది ఒక రబ్బరు బెల్టు. ఏళ్లు గడిచేకొద్దీ బెల్టు సాగుతుంది, కొన్నిసార్లు తారులాగా జిగురుగా కరిగిపోతుంది. నాలుగు వైపులా సముద్రం ఉన్న ఈ ద్వీపంలో, జూలై, ఆగస్టు నెలలలో ఇల్లు తాళం వేసి, ఏ.సి. ఆపి ఇండియాకు వెళ్లటం మన అలవాటు. ఆ వేడిలో, ఆ ఉక్కలో బెల్టుల ఆయుష్షు మరింత తరిగిపోతుంది.

నేను చేసిన తప్పు అదే. కొన్నేళ్ల క్రితం, బెల్టు సంగతి చూసుకోకుండా ఆ క్యాసెట్టును ఒక పాత ప్లేయరులో పెట్టాను. ఇరుసు టేపును నెడుతూనే ఉన్నది, చక్రం చుట్టుకోలేదు. టేపు రబ్బరు చక్రానికి చుట్టుకొని నలిగింది. సుమారు రెండు మీటర్లు పాడయింది. లెక్క వేస్తే 42 సెకన్లు. తాతగారు నా గురించి అడిగిన మాటలు సరిగ్గా ఆ 42 సెకన్లలోనే ఉన్నాయి. అమ్మ ఇప్పుడు లేదు, మళ్లీ చెప్పించుకోలేము.

అలమరలోని తక్కిన పాటల యంత్రాల గురించి రెండు ముక్కలు చాలు. సోనీ వాక్‌మన్ 1979 జూలైలో జపానులో వెలువడి, పాటను ఇంటి గదిలోనుండి నడిచే మనిషి చెవిలోకి తెచ్చింది. 2001 అక్టోబరులో ప్రకటించిన తొలి ఐపాడ్ 5 గిగాబైట్ల చిన్న డిస్కులో వెయ్యి పాటలు పట్టించింది. 2022లో ఆ వంశం ముగిసింది. నా మటుకు నాకు వాక్‌మన్ మీదే మక్కువ. బెల్టు మారిస్తే అది మళ్లీ పాడుతుంది, ఐపాడ్‌ను విప్పటమే ఒక యజ్ఞం.

ఇక కీబోర్డులు. 1996లో నేను ఆ క్యాసెట్టు విని, అమ్మ మాటలను ఆనాటి ఒక తెలుగు ఫాంటులో టైపు చేసి ఫ్లాపీలో దాచుకొన్నాను. ఆ ఫైలు కంప్యూటరు నుండి కంప్యూటరుకు మారుతూ మిగిలింది కాని, ఫాంటు మిగలలేదు. టేపు నలిగిన రాత్రి ఆ ఫైలు తెరచి చూస్తే, ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు కలగాపులగంగా కనిపించాయి.

దీనికి కారణం తెలియాలంటే కీబోర్డు ఏమి పంపుతుందో తెలియాలి. అది అక్షరాన్ని పంపదు; నొక్కిన మీట ఎక్కడ ఉన్నదో తెలిపే అంకెను పంపుతుంది. ఐ.బి.ఎం. పి.సి. సంప్రదాయంలో 'కె' మీట అంకె 37. ఆ 37ను ఇంగ్లీషు అమరిక 'కె'గా, ఇక్కడి అంగళ్లలో దొరికే అరబిక్ కీబోర్డు అమరిక 'నూన్'గా, భారత ప్రభుత్వం 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక మన 'క'గా గ్రహిస్తాయి. మీట ఒకటే, దానికి అర్థం చెప్పేది కంప్యూటరు. 1990లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు రైస్ విశ్వవిద్యాలయం పేరిట రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతి మరొక దారి తొక్కింది: ఇంగ్లీషులో చిన్న 'టి' కొడితే 'త', పెద్ద 'టి' కొడితే 'ట'. మనవంటి ప్రవాసులు ఎందరికో తెలుగు రాత అలాగే అలవడింది.

నేను వాడిన ఫాంటు వీటన్నిటికంటె మోటైనది. కంప్యూటరును అది ఇంగ్లీషే అనుకోనిచ్చి, ఇంగ్లీషు అక్షరాల బొమ్మల స్థానంలో తెలుగు ముక్కలను, అంటే తలకట్టు, కొమ్ము, ఒత్తు మొదలైనవాటిని, పెట్టింది. కనుక ఫైలులో నిలిచి ఉన్నది ఇంగ్లీషు సంకేతాలే. 1991 నాటి యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి ప్రత్యేక స్థానాలు కేటాయించారు. అందులో 'క'కు 3093 అన్న సంఖ్య ఏ ఫాంటులోనైనా మారదు. అయితే ఆ సదుపాయం మన ఇళ్లలోని కంప్యూటర్లకు చేరటానికి చాలా ఏళ్లు పట్టింది.

అప్పుడు అలమర గుర్తుకు వచ్చింది. అడుగు అరలో, ఆ రోజులలో నేను వాడిన కీబోర్డు ఉన్నది. ఏ మీట మీద ఏ తెలుగు ముక్క వస్తుందో మరచిపోకుండా, ప్రతి మీటకూ కాగితపు చీటీలు అంటించుకొన్నాను; షిఫ్టుతో వచ్చేది పైన, మామూలుగా వచ్చేది కింద. తెర మీద ఇంగ్లీషులో ఏ గుర్తు కనిపిస్తే ఆ మీట మీది చీటీ చూసి, ఒక్కొక్క ముక్కా కాగితం మీద పేర్చుకొంటూ పోయాను. ఒక్క పేజీకి రెండు రాత్రులు పట్టింది.

మీ ఇళ్లలోనూ ఇటువంటి క్యాసెట్టులు ఉంటే ముందు ప్లేయరు బెల్టు మార్పించండి. పోయినా బాధలేని క్యాసెట్టుతో పరీక్షించండి. అసలు టేపును ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా చుట్టించి, తరువాతే వినండి. వింటూనే కంప్యూటరులోకి సెకనుకు 44,100 నమూనాల చొప్పున, 16 బిట్లలో ఎక్కించండి. ఒకే ఛానెల్‌లో గంట మాటలకు సుమారు 320 మెగాబైట్లు అవుతాయి. బంధువులకు పంపటానికి ఎం.పి.3 ప్రతి చాలును గాని, కుదించని మూల ప్రతిని తొలగించవద్దు. పాత తెలుగు ఫైళ్లు ఉన్నవారు ఫాంటు పేరును, మీటల పట్టికను వాటితోనే భద్రపరచండి.

తాతగారు అడిగినది ఇంతే: "వాడు అక్కడ ఎండలో తిరుగుతున్నాడేమో, గొడుగు కొనుక్కోమనండి." దాని తరువాత ఇంకొక మాట ఉన్నది. అందులోని ఒక ముక్కకు సంబంధించిన మీట మీద చీటీ ఊడిపోయింది. అది 'పంపు' అయి ఉండవచ్చు, 'చంపు' కాదు గదా అని పిల్లలు నవ్వుతారు. నేను ఇంకా వెదకుతూనే ఉన్నాను.