ఇంజనీరింగ్ మెకానిక్సులో డాక్టరేటు

మేము తెలుగు బోధించేవారము. ఇంజనీరింగ్ మెకానిక్సును గురించి వ్రాయడానికి మాకేమి అర్హత ఉన్నదని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. అయితే మా పూర్వవిద్యార్థి ఒకడు, ఇంటర్ ఉర్దూ మాధ్యమములో చదివి పిమ్మట ఇంజనీరు అయినవాడు, ఒకనాడు మా గదికి వచ్చినాడు. "సార్, పిహెచ్.డి. చేయాలని ఉన్నది. ఇంకా ఐదేళ్లు ఏమి చదువుతావురా అని అబ్బా అడిగితే చెప్పలేకపోయాను" అన్నాడు. ఆ పూట మేమును చెప్పలేకపోయినాము. తరువాత గ్రంథాలయములో కూర్చొని, భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను విసిగించి తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

బరువు పడినప్పుడు వస్తువు ఎట్లు వంగును, ఎప్పుడు విరుగును అన్నదే ఈ శాస్త్రము. వంతెనకైనా, విమానపు రెక్కకైనా, మన ఎముకకైనా సూత్రములు ఒకటే. బయటి బలమునకు వస్తువు లోపల పుట్టే ఎదురుబలము, వైశాల్యమునకు ఇంత అని లెక్కించినది, ప్రతిబలము. ఆకారములో వచ్చే మార్పు వికృతి.

ఇక పరిశోధన అంటే ఏమిటి? లావుపాటి నిఘంటువును తీసుకొని, వెన్నుకు దూరముగా, పుటల అంచులమీద పై అట్టనుండి క్రింది అట్టకు నిలువుగా ఒక గీత గీయండి. పుస్తకమును వంచండి. పుటలు ఒకదానిపై ఒకటి జారి గీత ఒరిగిపోవును. పుటలన్నీ జిగురుతో అంటించి ఉంటే అంతగా ఒరగదు. వంగే పలకలో ఈ గీత తిన్నగాను, పలకకు లంబముగాను నిలిచియే ఉండునని 1850లో కిర్చాఫ్ భావించినాడు. పలుచని రేకులకు అది చాలును. మందమైన పలకలకు, పొరలుపొరలుగా అతికిన నూతన పదార్థములకు చాలదు. గీత ఒరగవచ్చును గాని తిన్నగానే ఉండునని 1951లో మిండ్లిన్ సవరించినాడు. అయినను ఒక చిక్కు మిగిలినది. ఆ లెక్కలో జారుడు ప్రతిబలము మందమంతటా ఒకే తీరున వచ్చును. పై తలమును, అడుగు తలమును జార్చే బలమేదీ లేనప్పుడు అక్కడ అది సున్న కావలెను కదా! ఒక గుణకముతో హెచ్చవేసి సర్దుకొనేవారు. 1984లో మన జె.ఎన్. రెడ్డిగారు ఆ గీతనే వంగనిచ్చినారు. మూడవ ఘాతపు వక్రముగా దానిని తీసుకొనగానే రెండు తలములవద్దను సున్న తనంత తానే వచ్చినది.

"మన" అనడానికి కారణమున్నది. ఆయన వరంగల్లు ప్రాంతమువారు. 1968లో ఉస్మానియాలో బి.ఇ. పూర్తిచేసి, అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయపు హంట్స్‌విల్ శాఖలో ఓడెన్ అనే ఆచార్యుని వద్ద డాక్టరేటు పొందినారు. పైన చెప్పిన సిద్ధాంతము పట్టా వచ్చిన తరువాత పదేళ్లకు గాని రాలేదని గమనించవలెను. 2019లో వారికి టిమొషెంకో పతకము లభించినది.

ఆ ఐదేళ్లలో మొదట కొంతకాలము గణితము, పదార్థ శాస్త్రము తరగతులు; ఆపైన అర్హత పరీక్ష; పిమ్మట ఇదివరకు ఎవరో సర్దుకొని వదలిన చోటును ఒకదానిని వెదకుట. ఎక్కువ కాలము హరించేది ఈ వెదకుటయే. ఖర్చు మాట కూడా చెప్పవలెను. మన ఐ.ఐ.టి.లలోను, బెంగుళూరు విజ్ఞాన సంస్థలోను ప్రవేశము పొందిన పరిశోధకులకు నెలనెలా వేతనము ఉన్నది. అమెరికాలో సహాయక బోధకులై చదువుకొనేవారు అనేకులు.

ఇదంతా ఆ విద్యార్థికి చెప్పినాము. వాడు మా బల్లమీది నిఘంటువుపై పెన్సిలుతో గీత గీసి, వాళ్ల అబ్బాకు చూపిస్తానని ఇంటికి పట్టుకొనిపోయినాడు. అది ఇంకను తిరిగి రాలేదు.