ఫెడ్ కెమెరా: బ్యాటరీ లేకుండా సెకనులో 500వ వంతును ఎలా పట్టుకుంది?

ఇవాళ మన టాపిక్ ఒక పాత సోవియట్ కెమెరా. పేరు ఫెడ్. దీంట్లో బ్యాటరీ ఉండదు, స్క్రీన్ ఉండదు, వెలుతురు కొలిచే మీటర్ కూడా ఉండదు. ఉన్నవల్లా స్ప్రింగులు, గేర్లు, కాస్త గాజు, రెండు గుడ్డ తెరలు. అయినా సెకనులో 500వ వంతులో ఫొటో తీస్తుంది. అదెలాగో చూద్దాం. ఇంకోటి, దీన్ని చాలామంది "లైకాకి కాపీ" అని ఒక్క మాటలో తీసిపారేస్తారు. కాపీయే, అందులో డౌట్ లేదు. కానీ కాపీ కొట్టడం అంత ఈజీనా? అదీ చూద్దాం.

ముందు కథ. మొదటి ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే అంతర్యుద్ధం, కరువు. వీటితో అక్కడ లక్షల మంది పిల్లలు వీధిన పడ్డారు. అలాంటి పిల్లల కోసం 1927లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఒక కమ్యూన్ పెట్టారు. దాన్ని నడిపించింది అంతోన్ మకరెంకో అనే టీచర్. పిల్లలు అక్కడే ఉంటారు, చదువుకుంటారు, వర్క్‌షాపులో పని చేస్తారు. మొదట ఎలక్ట్రిక్ డ్రిల్లులు చేశారు, తర్వాత కెమెరాలోకి దిగారు. కమ్యూన్‌కి ఫెలిక్స్ ఎద్ముందొవిచ్ జెర్జిన్‌స్కీ పేరు పెట్టారు. ఆ మూడు పేర్ల మొదటి అక్షరాలే ఫెడ్. ఆయనెవరో తెలుసా? సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థకి మొదటి అధిపతి. వీధి పిల్లల చేతుల్లో తయారైన కెమెరా మీద ఆయన పేరు!

వాళ్ళు మోడల్‌గా తీసుకున్నది జర్మనీలో 1932లో వచ్చిన లైకా 2. దాన్ని విప్పి, కొలిచి, 1934లో తయారీ మొదలుపెట్టారు. ఇక్కడే అసలు కష్టం. విప్పితే పార్టు సైజు తెలుస్తుంది. కానీ ఆ సైజు ఎంత తేడా వచ్చినా పర్లేదు, ఎక్కడ వెంట్రుకంత కూడా తేడా రాకూడదు అనేది పార్టు చూస్తే తెలీదు. లెన్స్ నుంచి ఫిల్మ్‌కి ఉండాల్సిన దూరమే తీసుకోండి. అది కొంచెం మారినా ఫొటో మసకే. అందుకే యుద్ధానికి ముందు ఫెడ్‌లలో ఏ లెన్స్‌ని ఆ బాడీకే సర్ది కుదిర్చేవాళ్ళు. ఒకదాని లెన్స్ ఇంకోదానికి పెడితే ఫోకస్ కుదురుతుందన్న గ్యారంటీ లేదు. అంటే ఆకారం కాపీ అయింది కానీ, ఆ కచ్చితత్వం రావడానికి ఇంకా టైమ్ పట్టింది.

ఇప్పుడు షట్టర్. ఫిల్మ్ ముందు రబ్బరు పూత ఉన్న రెండు గుడ్డ తెరలు ఉంటాయి. బటన్ నొక్కగానే మొదటి తెర పక్కకి పరిగెడుతుంది, ఫిల్మ్ మీద వెలుతురు పడుతుంది. వెనకాలే రెండో తెర వచ్చి మూసేస్తుంది. చాలామంది అనుకునేదేంటంటే, 1/500 పెడితే తెరలు ఇంకా స్పీడుగా కదులుతాయని. కాదు! తెరలు ఎప్పుడూ దాదాపు ఒకే వేగంతో వెళ్తాయి. మారేది రెండో తెర ఎంత లేటుగా బయల్దేరుతుంది అన్నది మాత్రమే. 1/500 అంటే మొదటిది కదిలిన వెంటనే రెండోది కదులుతుంది. మధ్యలో కొన్ని మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. ఆ సన్నని సందు 36 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద ఒక చివర నుంచి ఇంకో చివరికి జారుకుంటూ పోతుంది. అంటే టైమ్‌ని సందు వెడల్పుగా మార్చేశారు. ఐడియా అదీ.

ఇది మీ ఫోన్‌లో కూడా ఉంది. తిరుగుతున్న ఫ్యాన్‌ని ఫోన్‌తో తీస్తే రెక్కలు వంకరగా వస్తాయి చూడండి. ఎందుకంటే చాలా ఫోన్లలో సెన్సర్ బొమ్మని ఒకేసారి చదవదు, వరసల వారీగా చదువుతుంది. ఫెడ్‌లో గుడ్డ సందు చేసే పనీ అలాంటిదే. అందుకే వేగంగా వెళ్ళే కారు ఇందులోనూ కొంచెం సాగినట్టో, కుదించినట్టో రావచ్చు.

ఇక ఫోకస్. ముందు వైపు దూరదూరంగా రెండు కిటికీలుంటాయి. రెండిటి బొమ్మలూ కలిపి మీకు కనిపిస్తాయి, కాబట్టి మనిషి ఇద్దరుగా కనబడతాడు. లెన్స్ తిప్పుతూ పోతే ఇద్దరూ ఒక్కటవుతారు. అప్పుడు ఫోకస్ కుదిరినట్టే. మన రెండు కళ్ళు దూరాన్ని అంచనా వేసే లెక్కే ఇది. కిటికీల మధ్య దూరం పెరిగితే కచ్చితత్వం పెరుగుతుంది. మొదటి ఫెడ్‌లో ఆ దూరం సుమారు 38 మిల్లీమీటర్లు.

1955లో ఫెడ్ 2 వచ్చింది. అందులో ఆ దూరాన్ని 67కి పెంచారు. ముందు ఫోకస్ చూడ్డానికి ఒక రంధ్రం, ఫ్రేమ్ చూడ్డానికి ఇంకోటి ఉండేది. రెండిటినీ ఒక్కటి చేశారు. పాతదాంట్లో ఫిల్మ్‌ని కింద నుంచి దూర్చాలి, దానికోసం ఫిల్మ్ మొదలుని కత్తిరించుకోవాలి. ఫెడ్ 2లో వెనక భాగం మొత్తం ఊడి వస్తుంది. ఇవన్నీ కొత్తగా కనిపెట్టినవని కాదు, జర్మన్ కాంటాక్స్‌లో ముందే ఉన్నాయి. కానీ లైకా అస్థిపంజరంలోకి వాటిని ఎక్కించాలంటే, లోపల ఏ పార్టు ఎందుకుందో అర్థమై ఉండాలి. చూసి రాసినవాడు లెక్క మార్చలేడు, అర్థమైనవాడే మార్చగలడు. నా దృష్టిలో ఫెడ్ కాపీ స్టేజి దాటింది ఇక్కడే.

ఎక్కడైనా కొనాలనుకుంటే మూడు జాగ్రత్తలు. ఒకటి, ముందు ఫిల్మ్ తిప్పండి, తర్వాతే షట్టర్ స్పీడ్ మార్చండి. తిప్పకముందు డయల్ మీద గుర్తు సరైన చోట ఉండదు. రెండు, లెన్స్ మూత తీసి ఎండలో పెట్టకండి. భూతద్దంతో కాగితం కాల్చినట్టు గుడ్డ తెరకి చిల్లు పడుతుంది. మూడు, చవగ్గా "లైకా" దొరికిందని ఎగరకండి. ఫెడ్‌ల మీద, జోర్కీల మీద లైకా పేరు చెక్కి అమ్మేవాళ్ళు చాలామంది. లెన్స్ విప్పి లోపల చూడండి. ఫోకస్ లివర్ చివర గుండ్రని చక్రం ఉంటే లైకా అయ్యే ఛాన్స్ ఉంది. చక్రం లేకుండా మేకులాంటి ముక్క ఉంటే మాత్రం అది సోవియట్ బండే.

అయినా అది తక్కువదేం కాదు. అప్‌డేట్లు రాని ఫోన్‌ని నాలుగేళ్ళకి పక్కన పెట్టేస్తున్నాం. డెబ్బై ఏళ్ళ ఫెడ్ 2 మాత్రం గుడ్డ తెర మారిస్తే మళ్ళీ పని చేస్తుంది. ఎందుకంటే లోపల ఉన్నదంతా స్క్రూడ్రైవర్‌కి అందుతుంది, కంటికి కనిపిస్తుంది. మీ ఇంట్లో ఏదైనా పాత ఫిల్మ్ కెమెరా ఉంటే ఫిల్మ్ లేకుండా ఒకసారి వెనక తెరిచి, షట్టర్ నొక్కి చూడండి. ఏం కనిపించిందో కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.