పాత ట్రాక్టరులో బ్యాటరీ ఊరక దిగిపోవుట – కారణము కనుగొను విధము

తొలకరి పడి నేల పదునెక్కిన ఉదయమున సెల్ఫు తిరుగక ట్రాక్టరు నిలిచిపోయినచో రైతునకు పదును దాటిపోవును. ఆ తొందరలో పలువురు కొత్త బ్యాటరీ కొని బిగించుచున్నారు. దోషము మరియొకచోట ఉన్నచో నాలుగు దినములకు అదియు దిగిపోవును. కావున దోషము బ్యాటరీలో ఉన్నదా, చార్జి ఎక్కించు భాగములో ఉన్నదా, లేక బండి నిలిచియున్నపుడు కరెంటు ఎచటనో కారిపోవుచున్నదా అని ముందుగా తేల్చుకొనవలెను. ఇందుకు ఒక మల్టీమీటరు, ఒక పానా, రెండు మూడు దినముల ఓపిక చాలును.

ముందు జాగ్రత్త

చార్జి ఎక్కునపుడు బ్యాటరీనుండి మండెడి వాయువు వెలువడును. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగింపరాదు. తీగలు విప్పునపుడు చాసిస్‌కు బిగించిన తీగను మొదట తీయవలెను. బిగించునపుడు దానిని చివర బిగించవలెను. పాత ట్రాక్టర్లలో కొన్నింటికి ప్లస్ తీగయే చాసిస్‌కు ఉండును. కావున గుర్తు చూడక తీయరాదు.

మొదటి పరీక్ష – బ్యాటరీ

బ్యాటరీపై ఆమ్లపు తడి, దుమ్ము పేరుకొన్నచో దానిగుండానే కరెంటు కొంత కారును. మూతలు బిగించి, వంటసోడా కలిపిన నీటితో కడిగి ఆరబెట్టవలెను. పిదప గదులలో నీరు తగ్గియున్నచో ప్లేట్లు మునుగునంతవరకు డిస్టిల్డ్ వాటరు పోసి, పూర్తిగా చార్జి చేయించవలెను. 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 7 ఆంపియర్లకు మించక నెమ్మదిగా ఎక్కించుట మేలు.

తీగలు తగిలింపక ఒక రాత్రి ఉంచి మీటరు పెట్టినచో 12.6 వోల్టులు లేక కొంచెము ఎక్కువ చూపవలెను. మరి రెండు దినములు అట్లే ఉంచి మరల చూడుడు. తీగలే లేకున్నను 12.4 కంటె దిగిపోయినచో దోషము బ్యాటరీదే, దానిని మార్చవలసినదే. నిలిచినచో బ్యాటరీ మంచిది. దోషము బండిలో వెదకవలెను.

రెండవ పరీక్ష – చార్జింగు

ఇంజను నడుపుచు వేగము కొంత పెంచి, బ్యాటరీపై మీటరు పెట్టుడు. 13.8 నుండి 14.4 వోల్టుల వరకు ఉండవలెను. 13 దాటనిచో బెల్టు వదులైనదేమో, బ్రష్షులు అరిగినవేమో, రెగ్యులేటరు చెడినదేమో చూపించవలెను. 15 దాటినచో రెగ్యులేటరు పనిచేయుట లేదు. బ్యాటరీలోని నీరు త్వరగా ఇంకిపోవును.

మూడవ పరీక్ష – కారిపోవు కరెంటు

తాళము తీసి, దీపములన్నియు ఆర్పి, చాసిస్ తీగను విప్పుడు. మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానములో ఉంచి, ఒక కొనను ఆ తీగకు, రెండవ కొనను బ్యాటరీ ముడికి తగిలించుడు. మీటరు ఇట్లున్నపుడు సెల్ఫు కొట్టరాదు, మీటరు చెడిపోవును.

పాత ట్రాక్టరులో ఇది దాదాపు సున్న ఉండవలెను. 0.05 ఆంపియరు దాటినచో వెదకవలసినదే. అర ఆంపియరు కారినను 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆరు దినములలో ఖాళీయగును; సెల్ఫు అంతకు ముందే మొరాయించును.

అపుడు ఫ్యూజులను ఒకటొకటిగా తీయుడు. దేనిని తీసినపుడు అంకె పడిపోవునో దోషము ఆ దారిలో ఉన్నది. ఏ ఫ్యూజు తీసినను పడనిచో డైనమో లేక ఆల్టర్నేటరు తీగను విప్పి చూడుడు. డైనమో బండ్లలో కటౌటు ముక్కలు అతుక్కొన్నచో బ్యాటరీ కరెంటు వెనుకకు డైనమోలోనికి పారును. ఆల్టర్నేటరులో డయోడు చెడినను ఇట్లే జరుగును. ఎలుకలు కొరికిన తీగలు, ఫ్యూజు లేక నేరుగా బ్యాటరీకి కలిపిన పాటల పెట్టె, సెల్‌ఫోను చార్జరు కూడ తరచు కారణములు.

దోషము కాని దోషము

పాత డీజిలు ట్రాక్టరును స్టాపు లాగి ఆపుదురు. ఇంజను ఆగెను గదా యని తాళమును అట్లే వదిలినచో రాత్రియంతయు కరెంటు పోవుచుండును. బండి దిగునపుడు తాళము తీయుట డ్రైవరునకు అలవాటు చేయవలెను.

ఈ మూడు పరీక్షల అంకెలను వ్రాసికొని మెకానిక్కు వద్దకు వెళ్లుడు. అవసరము లేని భాగము మార్పించుకొను ఖర్చు తప్పును. గ్రామములో ట్రాక్టరు యజమానులు నలుగురు కలిసి ఒక మల్టీమీటరు కొనియుంచుకొని, ఏరువాకకు పదునైదు దినములు ముందుగా బండ్లన్నిటిని చూచుకొనుట మంచిది.