గుండె శస్త్రచికిత్సయు పక్షవాతభయమును

ఇంటిలో నొకరికి గుండె శస్త్రచికిత్స నిశ్చయమైన దనగానే మన చింత యంతయు ఆ గుండెమీదనే నిలుచును. ఆ గండము గడచి యిల్లు చేరినవారికి కొన్నాళ్లకు కాలుసేతులు పడిపోవుటయు, మాట ముద్దయగుటయు గలదు. అటుపిమ్మట వారికి అన్నము కలిపి పెట్టుట, ప్రక్క మార్చి పరుండబెట్టుట మన పనియే గదా! ఆ యాపదను కొంతవఱకు ముందుగనే తప్పించు నుపాయ మొకటి గలదు.

గుండెయందలి పైగదులను కర్ణికలందురు. మన కావ్యములలో కర్ణిక యనగా తామరపూవు నడిమి దుద్దు, చెవికమ్మయు నగును. ఎడమ కర్ణికకు నిజముగనే చెవివంటి చిన్న సంచి యొకటి అంటియుండును. కొందఱకు నాడి తాళము తప్పి కొట్టుకొనును. దీనిని వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. అప్పుడు కర్ణిక చక్కగా ముడుచుకొనక వణకుటచే ఆ సంచిలో నెత్తురు నిలిచి, తోడుకొన్న పెరుగువలె గడ్డకట్టును. ఆ గడ్డ కదలి మెదడునకు బోవు నాళమును మూసినచో పక్షవాతము వచ్చును.

ఆ సంచినే తొలగించినచో నేమి? 1949లోనే అమెరికా వైద్యుడు జాన్ మ్యాడెన్ అట్లు చేసి ప్రకటించెను. అది మేలని రూఢిగా తేలుటకు డెబ్బది యేండ్లకు పైగా పట్టినది. కెనడా వైద్యుడు రిచర్డ్ విట్లాక్ నాయకత్వమున 27 దేశములలో నడచిన పరిశోధన 2021లో వెలువడెను. నాడి తాళము తప్పినవారై, వేఱొక కారణమున గుండె శస్త్రచికిత్సకు వచ్చిన 4,770 మందిని అందు పరిశీలించిరి. చీట్లు వేసినట్లు రెండు జట్లుగ విడదీసి, ఒక జట్టునకు ఆ శస్త్రచికిత్సలోనే సంచిని గూడ మూసిరి. ఎట్లును ఱొమ్ము తెఱచియే యుందురు. ఇది కొలది నిమిషముల పని. రమారమి నాలుగేండ్లు కనిపెట్టగా, మూసినవారిలో నూటికి 4.8 మందికి, మూయనివారిలో నూటికి 7 మందికి పక్షవాతమో, గడ్డ వేఱొక యవయవమున కడ్డుపడుటయో కలిగెను.

సంచి మూసిరి గదా యని నెత్తురు గడ్డకట్టకుండ నిచ్చు మాత్రలను మానరాదు. ఆ రోగులలో పెక్కండ్రు మాత్రలు వాడుచునే యుండిరి; ఈ మేలు వానికి తోడుగ వచ్చినదే గాని బదులుగ గాదు. నాడి సరిగా నడచువారికిని ఈ లెక్క వర్తింపదు. పక్షవాతమునకు వేఱు కారణములును గలవు.

వైద్యునితో మాటలాడుట మగవారి పని యని మనము తలుపుచాటున నిలుచుట గలదు. నడిరేయి ఆయనకు గుండె దడదడలాడుట యెఱిగిన దెవరు? శస్త్రచికిత్సకు ముందే ఆ సంగతి చెప్పి, “నాడి తాళము తప్పుచున్నదా? అట్లయినచో ఆ సంచిని గూడ మూయుదురా?” యని అడుగవలెను.