ఎడమ కాలికి మళ్లీ పని!
ఆటోమేటిక్ కారుకు క్లచ్ బిగించుకునే ముచ్చట

(మన విలేఖరి)

దమ్ము రోజుల్లో పొద్దుటి నుంచి క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు పట్టేసిందని మన ట్రాక్టరు డ్రైవర్లు గోడు వెళ్లబోసుకోవడం వింటూనే ఉంటాం. అలాంటిది, అసలు క్లచ్ అవసరమే లేని కారు చేతిలో ఉండగా, చేతి డబ్బు వదిలించుకుని మరీ దానికి క్లచ్ బిగించుకునే వారున్నారంటే నమ్ముతారా? అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా దేశాలలో ఈ పని చాలా ఏళ్లుగా జరుగుతున్నది. వినడానికి వెర్రిగా తోచినా, ఇందులో మన షెడ్డు మెకానిక్కులు తెలుసుకోవలసినదీ, మన కారు యజమానులు జాగ్రత్త పడవలసినదీ చాలా ఉన్నది.

ఎనిమిది ట్రాక్టర్ల బలం

ఈ మార్పిడికి పేరుపడిన కార్లలో జపాన్‌కు చెందిన టయోటా కంపెనీ వారి సుప్రా ఒకటి. 1993లో వచ్చిన నాలుగో తరం సుప్రాకు 3 లీటర్ల, 6 సిలిండర్ల ఇంజను. పై రకానికి రెండు టర్బోలు. అమెరికాలో అమ్మిన టర్బో కారు శక్తి 320 హార్స్ పవర్. అంటే 40 హార్స్ పవర్ ట్రాక్టర్లు ఎనిమిదింటిని కలిపితే ఎంతో అంత! ఇంజను దిమ్మ పోత ఇనుముది కావడంతో, ఇంకా బలం పెంచినా తట్టుకుంటుందని దీనికి పేరు. 2001లో వచ్చిన ఒక హాలీవుడ్ కార్ల సినిమాతో దీని మోజు మరీ పెరిగింది. ఆ సినిమాలో వాడిన సుప్రా 2021లో జరిగిన వేలంలో 5,50,000 డాలర్లు పలికింది.

2002లో ఈ కారు తయారీ ఆగిపోయింది. టర్బో రకం రెండు తీరులుగా వచ్చింది. ఒకటి జర్మనీకి చెందిన గెట్రాగ్ కంపెనీ 6 గేర్ల బాక్సు, చేతితో వేసుకునేది. రెండోది 4 గేర్ల ఆటోమేటిక్. నేడు చేతి గేర్ల టర్బో కారు ధర సామాన్యుడికి అందదు. ఆటోమేటిక్ కారు అంతకంటె తక్కువకు దొరుకుతుంది. అందుకే అది కొని, గేరుబాక్సు మార్పించుకోవడం మొదలయింది.

రెండు ఫ్యాన్ల కిటుకు

ఆటోమేటిక్‌లో క్లచ్ పెడల్ లేకుండా బండి ఎలా కదులుతుంది? రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి, ఒక దానికే కరెంటు ఇవ్వండి. ఆ గాలికి రెండో ఫ్యాను కూడా తిరగడం మొదలుపెడుతుంది. ఆటోమేటిక్‌లోని టార్క్ కన్వర్టర్ పని కూడా ఇంతే. గాలి బదులు నూనె ఉంటుంది. ఒక వైపు చక్రాన్ని ఇంజను తిప్పితే, నూనె తోపుడుకు రెండో వైపు చక్రం తిరిగి గేరుబాక్సుకు బలం అందుతుంది. ఏ గేరు ఎప్పుడు పడాలన్నది కంప్యూటరు చూసుకుంటుంది.

సరిగ్గా ఇక్కడే యజమానులకు అసంతృప్తి. మలుపు ముందు ఏ గేరు కావాలో తామే నిర్ణయించుకోవాలని వారి కోరిక. అలాగని ఆటోమేటిక్ చేతకానిదని కాదు. తిన్నని బాట మీద సాగే డ్రాగ్ పందాలలో ఆటోమేటిక్‌నే కోరుకునే వారు ఎందరో ఉన్నారు. ఇప్పటి కొత్త ఆటోమేటిక్‌లయితే మనిషి చేతికంటె త్వరగా గేరు మారుస్తాయి. కనుక ఇది వేగం కోసం పడే పాటు కాదు, బండి తన చేతిలో ఉన్నదన్న తృప్తి కోసం.

విప్పడం తేలిక, బిగించడమే కష్టం

మార్పిడి అంటే ఒక బాక్సు విప్పి ఇంకొకటి ఎక్కించడం మాత్రమే కాదు. ఆటోమేటిక్ ఇంజను వెనుక పలుచని ఉక్కు ప్లేటు ఉంటుంది. దానిని తీసి బరువైన ఫ్లైవీల్ బిగించాలి. దానికి దాని బోల్టులే వాడాలి, పాతవి వాడరాదు. క్రాంక్ షాఫ్టు కొసన చిన్న పైలట్ బేరింగ్ కూర్చోబెట్టాలి. ఇది మరచిపోయి బాక్సు ఎక్కిస్తే మళ్లీ అంతా దించవలసిందే. ఆ పైన క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ వస్తాయి.

కారు లోపల వెడల్పాటి బ్రేకు పెడల్ తీసి, క్లచ్, బ్రేకు పెడళ్లు రెండూ పెట్టాలి. ఇంజనుకూ డ్రైవరు కాళ్లకూ మధ్యనున్న రేకుకు క్లచ్ మాస్టర్ సిలిండర్, గేరుబాక్సు దగ్గర స్లేవ్ సిలిండర్, రెంటికీ నడుమ పైపు బిగించాలి. ఆటోమేటిక్ నూనె చల్లబడడానికి రేడియేటరుకు పోయే గొట్టాలను మూసివేయాలి. బాక్సు పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు కూడా మార్చి, బ్యాలెన్సు చేయించాలి. లేకుంటే వేగం పెరిగిన కొద్దీ కారు వణుకుతుంది. చివరకు కంప్యూటరు కూడా మారాలి. పాతది లేని ఆటోమేటిక్ బాక్సు కోసం వెతుకుతూ తప్పు దీపం వెలిగిస్తుంది.

గెట్రాగ్ బాక్సు అరుదు, ధర కూడా ఎక్కువ. కాబట్టి కొందరు 1980ల చివరి సుప్రా టర్బోలో వచ్చిన 5 గేర్ల బాక్సును, కొందరు నిస్సాన్ 350జెడ్ కారు 6 గేర్ల బాక్సును ఎంచుకుంటారు. అప్పుడు ఇంజనుకు సరిపోయే బెల్ హౌసింగో, మధ్యలో అతుకు ప్లేటో కావాలి.

క్రౌను దగ్గర తిరకాసు

అంతా బిగించి రోడ్డెక్కాక కొందరికి బయటపడే లోపం వెనుక ఇరుసులో ఉంటుంది. అమెరికా టర్బో సుప్రాలలో చేతి గేర్ల కారు క్రౌను పినియన్ లెక్క 3.13. ఆటోమేటిక్‌కు 3.77. గెట్రాగ్ బాక్సు మొదటి గేరు 3.83. దానికి తగిన క్రౌను ఉంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను 12 సార్లు తిరుగుతుంది. ఆటోమేటిక్ క్రౌను అలాగే వదిలేస్తే 14 సార్లు దాటుతుంది. బండి కదిలీ కదలకముందే రెండో గేరు అడుగుతుంది. పెద్ద రోడ్డు మీద ఆరో గేరులో కూడా ఇంజను అనవసరంగా అరిచి పెట్రోలు తాగుతుంది. ట్రాక్టరు క్రౌను మార్చిన అనుభవం ఉన్న మన మెకానిక్కులకు ఈ సంగతి వివరించనక్కరలేదు.

ప్రాణం మీదికి తెచ్చే తీగ

అన్నిటికంటె ముఖ్యమైనది స్టార్టరు సంగతి. ఆటోమేటిక్ కారు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టు అవుతుంది. ఆ స్విచ్చి పాత బాక్సుతోపాటే పోతుంది. అప్పుడు తాళం తిప్పినా ఇంజను కదలదు. తొందరపాటు మనుషులు రెండు తీగలు కలిపి పని కానిచ్చేస్తారు. గేరులో ఉన్న సంగతి మరచి ఎవరైనా తాళం తిప్పారో, కారు ఒక్క గెంతు గెంతుతుంది. ముందు గోడ ఉంటే సరే, పసిపిల్లవాడు ఉంటే? క్లచ్ పెడల్ దగ్గర స్విచ్చి పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కితేనే స్టార్టు అయ్యేలా చేయడమే సరైన పని. పార్క్ కూడా ఇక ఉండదు గనుక హ్యాండు బ్రేకు గట్టిగా పట్టేలా చూసుకోవాలి.

కంపెనీయే దిగివచ్చింది

2019లో టయోటా కొత్త సుప్రాను ఆటోమేటిక్‌తో మాత్రమే తెచ్చింది. క్లచ్ ఏదని అభిమానులు అడుగుతూనే వచ్చారు. చివరకు 2022లో 6 గేర్ల చేతి బాక్సు రకాన్ని ప్రకటించక తప్పలేదు. దాని కోసం కంపెనీ ఇంజనీర్లు వెనుక ఇరుసు లెక్కను కూడా 3.15 నుంచి 3.46కు మార్చడం గమనార్హం. కంపెనీ అంతటిదే ఇరుసు మార్చవలసి వచ్చిందంటే, షెడ్డులో చేసే వారు దానిని ఎలా విస్మరించగలరు?

మనకు సంబంధించిన మాట

మన పల్లెల్లోకి కూడా సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కార్లు వస్తున్నాయి. బాక్సు చెడినప్పుడు, బాగుచేయడానికి ఖర్చెక్కువ, మామూలు గేర్లు పెట్టేస్తామని ఎవరైనా చెబితే వెంటనే తల ఊపకండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ నిర్దేశించిన వాటికి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే వివరించింది. రేపు ప్రమాదం జరిగితే బీమా సొమ్ము దగ్గర పేచీ రావచ్చు.

సరదా ఉన్నవాడికి కాలి నొప్పి కూడా ముద్దే. కాని స్పానరు పట్టకముందే రవాణా కార్యాలయం మెట్లెక్కి, ఈ మార్పుకు వీలున్నదో లేదో కనుక్కోవడం మంచిది. అడిగినందువల్ల పోయేది ఒక పూట. అడగనందువల్ల పోయేది బండి విలువ అంతా.