మీకు తెలుసా? చౌడు నేలే గాజులైంది

ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌లో ఒకప్పుడు గాజు తయారీకి చౌడు నేల మీద పొంగిన తెల్లటి ఉప్పునే వాడేవారు! అక్కడ దాన్ని ‘రేహ్’ అంటారు. వానలు తక్కువగా పడే గంగా మైదానపు ఒండ్రు నేలల్లో, ఎండకు తేమ ఆవిరై సోడియం లవణాలు పైకి తేలతాయి. అందులోని సోడియం కార్బనేట్ ఇసుకను తక్కువ వేడికే కరిగిస్తుంది. సబ్బు రాకముందు మన ఊళ్లలో చౌడు మట్టితో బట్టలు ఉతికిందీ ఇలాంటి క్షార లవణాల వల్లే.

పైరుకు మాత్రం చౌడు శత్రువే. సోడియం ఎక్కువగా ఉండే కారు చౌడులో ఉదజని సూచిక (pH) 8.5 దాటుతుంది, ఒక్కోసారి 10కి చేరుతుంది. సోడియం మట్టి రేణువులను విడగొట్టడంతో నీరు ఇంకదు. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తొలగిస్తుంది. తర్వాత నీరు నిలగట్టి, ఉప్పును కడిగి బయటికి పంపాలి. మొదటి పంటగా వరి మేలు. భూసార పరీక్ష చేయించాకే జిప్సం మోతాదు నిర్ణయించుకోండి.