మునిగిన వెండి ఎవరిది? అపోహలు – వాస్తవాలు

యుద్ధకాలంలో మునిగిన ఓడలోంచి బంగారమో వెండో బయటపడిందని వార్త వస్తే చాలు, “దొరికినవాళ్లదే కదా” అనేస్తాం. ఈ విషయంలో అన్నిటికన్నా బలంగా నాటుకుపోయిన అపోహ ఇదే. ఓడ మునిగినంత మాత్రాన అందులోని సరుకు మీద యజమాని హక్కు పోదు. ప్రాణాలకు తెగించి దాన్ని పైకి తెచ్చినవారికి సముద్ర చట్టం ఇచ్చేది ప్రతిఫలమే, యాజమాన్యం కాదు. సరుకు పోయినందుకు బీమా సంస్థ పరిహారం కట్టి ఉంటే యజమాని హక్కు దానికి చేరుతుంది. 1942లో బారెంట్స్ సముద్రంలో మునిగిన బ్రిటిష్ యుద్ధనౌక ఎడిన్‌బరోలో సుమారు నాలుగున్నర టన్నుల సోవియట్ బంగారం ఉంది. 1981లో గజ ఈతగాళ్లు అందులో చాలావరకు వెలికితీశాక 45 శాతం ఆ పని చేసిన కంపెనీకి దక్కింది. మిగిలినదాంట్లో రెండు వంతులు సోవియట్ యూనియన్, ఒక వంతు బ్రిటన్ తీసుకున్నాయి. మునిగినప్పటి నష్టాన్ని ఆ రెండు దేశాలూ అదే నిష్పత్తిలో భరించాయి మరి. నష్టం మోసినవారిదే సొత్తు అన్న ఈ సూత్రం సరైనదే. చిక్కంతా నష్టం మోసినవారెవరో లెక్కగట్టే తీరులో ఉంది.

వాటా ఇవ్వకపోతే అంత లోతుకు వెళ్లి వెతికేదెవరన్న అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. అమెరికా కంపెనీ ఒడిస్సీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ అనుభవంలోనే దానికి జవాబుంది. 2007లో ఆ కంపెనీ అట్లాంటిక్ అడుగు నుంచి తీసిన దాదాపు 17 టన్నుల నాణేలను విమానంలో ఫ్లారిడాకు చేర్చింది. 1804లో బ్రిటిష్ దాడిలో పేలిపోయిన స్పెయిన్ యుద్ధనౌక మెర్సిడెస్‌లోని సొమ్ము అది. స్పెయిన్ అనుమతి లేకుండా తీశారు. 2012లో ఆ నాణేలన్నీ రెండు సైనిక విమానాల్లో స్పెయిన్‌కు వెళ్లిపోయాయి, కంపెనీకి ఏమీ మిగల్లేదు. 1941లో జర్మన్ జలాంతర్గామి ముంచిన గేరుసొప్ప విషయంలో అదే కంపెనీ ముందుగా బ్రిటన్ ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుంది. కలకత్తాలో వెండి ఎక్కించుకుని బయల్దేరిన ఓడ అది. 4,700 మీటర్ల లోతు నుంచి సుమారు 110 టన్నుల వెండి తీసి, ఖర్చులు పోగా 80 శాతం సంపాదించింది. కాబట్టి యాజమాన్యం ఇవ్వకపోయినా వెతికేవారు ఉంటారు, గట్టి ఒప్పందం ఉంటే చాలు.

మన ఊళ్లలో ఉన్న అపోహ “దొరికినవాళ్లదే” అన్నదానికి తలకిందులు. నేలలో దొరికిందల్లా సర్కారుదేనని భయపడి దొరికిన నిధిని గుట్టుగా కరగబెట్టేస్తారు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం అలా చెప్పదు. పది రూపాయలకు మించి విలువైనది దొరికితే కలెక్టరుకు తెలపాలి. కలెక్టరు ముందు హక్కుదారులెవరైనా ఉన్నారేమో చూస్తారు. ఎవరూ లేకపోతే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు దొరికినవారికి ముప్పావు వంతు, నేల యజమానికి పావు వంతు. ప్రభుత్వం కావాలనుకుంటే విలువకు అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవాలి. దాచిపెడితేనే వాటా పోయేది, ఏడాది దాకా జైలు పడేది. గుళ్లూ కోటలూ తవ్వడం మాత్రం వేరే నేరం.

కోర్టు తీర్పు వచ్చింది గనుక అసలు యజమాని తేలిపోయాడనుకోవడం మరో అపోహ. బొంబాయి నుంచి ఆఫ్రికా వెళుతున్న తిలావా అనే ఓడను 1942 నవంబరు 23న జపాన్ జలాంతర్గామి ముంచింది. 280 మంది పోయారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం నాణేల కోసం కొన్న వెండి అందులో ఉంది. 2017లో ఒక కంపెనీ 2,364 కడ్డీలు తీసి ప్రతిఫలం కోసం బ్రిటన్‌లో దావా వేసింది. కింది కోర్టులు రెండూ కంపెనీ వైపు మొగ్గాయి. 2024లో సుప్రీంకోర్టు వాటిని తిరగరాసింది. ఆ వెండి వ్యాపారానికి వాడుతున్నది కాదు గనుక, పరాయి ప్రభుత్వం మీద ఈ దావా బ్రిటన్‌లో చెల్లదన్నది తీర్పు సారం. మెర్సిడెస్ కేసులోనూ అంతే. నాణేలను స్పెయిన్‌కు అప్పగించమన్న అమెరికా అప్పీలు కోర్టు, అవి అంతిమంగా స్పెయిన్ ఆస్తి అని తాను తేల్చడం లేదని స్పష్టంగానే చెప్పింది. తన గడ్డ మీది వెండి అని పెరూ చేసిన వాదన తేలకుండానే మిగిలింది. అంటే ఈ కోర్టులు చెప్పింది ఎవరి మీద దావా నడవదో మాత్రమే. ఎవరికి న్యాయం జరగాలన్నది ఆ ప్రశ్నలో లేదు.

సిటీ ఆఫ్ కైరో ఓడ సంగతి చూడండి. 1942 నవంబరులో దక్షిణ అట్లాంటిక్‌లో మునిగిన ఈ ఓడ దాదాపు వంద టన్నుల వెండి రూపాయలను మన దేశం నుంచి బ్రిటన్‌కు తీసుకెళుతోంది. ఐదు కిలోమీటర్లకు పైగా లోతు నుంచి వాటిని తీశాక చాలావరకు కరిగించి అమ్మేశారు. వచ్చిన సొమ్మును బ్రిటన్ ఖజానా, వెలికితీసిన కంపెనీ పంచుకున్నాయి. కాగితాల ప్రకారం తప్పు లేదు. కానీ మద్రాసు ప్రెసిడెన్సీ రైతు ధాన్యం అమ్మి పుచ్చుకున్న రూపాయి కూడా ఆ జాతి నాణెమే. పన్నెండింట పదకొండు పాళ్లు వెండి ఉన్న ఆ రూపాయిని చలామణీ నుంచి లాగేసి, 1940 నుంచి సగం వెండి ఉన్నది చేతిలో పెట్టారు. రూపాయికి రూపాయి ముట్టింది కదా, ఇది దోపిడీ ఎలా అవుతుందని అడగవచ్చు. ముఖవిలువ వరకు నిజమే. పోయిన వెండి గురించి మాత్రం మన జనం ఒప్పుకోలు ఎవరూ అడగలేదు. ఆ నష్టం ఏ బీమా పత్రంలోనూ లేదు గనుక పంపకంలోనూ లేదు.

ఇలా వెనక్కి తవ్వుకుంటూ పోతే అంతెక్కడ, వారసులను ఎక్కడని వెతుకుతారన్నది గట్టి అభ్యంతరం. దీనికి జర్మనీ అనుభవం జవాబు చెబుతుంది. 1945 ఏప్రిల్‌లో మెర్కర్స్ ఉప్పు గనిలో అమెరికా సైన్యానికి నాజీల బంగారం దొరికింది. కడ్డీల పక్కనే సంచుల్లో, పెట్టెల్లో పెళ్లి ఉంగరాలు, నోళ్లలోంచి పీకిన బంగారు పళ్లు ఉన్నాయి. నాజీలు దోచిన బంగారాన్ని దేశాల కేంద్ర బ్యాంకులకు పంచారు. బాధితుల నుంచి లాక్కున్నదాంట్లో కొంత అప్పటికే కరిగి కడ్డీల్లో కలిసిపోయింది. వేరుచేసే దారి లేదు. అయినా 1997లో లండన్‌లో దేశాలు సమావేశమై, పంచగా మిగిలిన బంగారంలో తమ వాటాలను వదులుకుని బాధితుల నిధికి ఇవ్వాలన్న ఆలోచన చేశాయి, చాలా దేశాలు ఇచ్చాయి. ఏ ఉంగరం ఎవరిదో తేల్చనక్కర్లేకుండానే, అరవై ఏళ్లు కూడా దాటకముందే కొంత బాకీ తీరింది. ఓడల విషయంలో ఇది ఇంకా తేలిక, ఎందుకంటే ఇక్కడ సొత్తు పైకి రాకముందే ఒప్పందాలు రాసుకుంటున్నారు. గేరుసొప్ప మీద ఒక్కడు తప్ప అందరూ చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మన దేశపు నావికులు. కంపెనీకి 80 శాతం రాసిన ఒప్పందంలో ఆ కుటుంబాల పేరిట ఒక నిధికో, కలకత్తాలోని ఒక మ్యూజియానికో ఒక్క శాతం రాయడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.